మూడు కోట్లు

హైస్కూలు గోడకి మూడు కోట్లు కొట్టానండి.
రూపాయలు కావు, రంగు.
రూపాయలైతే
ఒకాయన మూడు కోట్లూ తెచ్చానన్నాడు,
ఇంకొకాయన అవి ఆయనే తినేశాడన్నాడు.
నా రెండు డబ్బాల ఎమల్షన్‌కి మాత్రం
ఇంకా బిల్లు అవలేదు.

మొదటి కోటు మీద
"పదో తరగతి, నూటికి తొంభై ఏడు" అని రాయించారు.
ఏడు అంకె తోక కాస్త సాగదియ్యమన్నాడు సర్పంచి,
ఏటిగట్టు మీద పోయే బస్సులోంచి కనపడాలట.
ఆ ఏడు దిద్దే క్యాంపులో
ఖాళీ పేజీక్కూడా నాలుగు మార్కులు పడెయ్యమని
కాగితం మీద కాదు, నోటిమాటగా వచ్చిందని
లెక్కల కాశీపతి మాస్టారు
నా నిచ్చెన పట్టుకుని పైకి చూడకుండా చెప్పారు.

జులైలో గోదారొచ్చి
నడుం దాకా రంగు నాకేసి పోయింది.
ఏ పార్టీదో అది చూడదు.

రెండో కోటుకి ప్రభుత్వం మారింది.
"ప్రమాణాలు" అన్న మాట రాయమన్నారు, అడుగున్నర అక్షరం.
ప కింద క్రావడి చుడుతుంటే
హాల్‌టికెట్టు అట్టకి పిన్నుతో కుట్టుకుని
మా ఎస్తేరు పంటు దగ్గరికి పరిగెడుతోంది,
అవతలి ఒడ్డునుంది పరీక్ష.
ఆ ఏడు పీకనొక్కి దిద్దారండి.
పాతవాళ్ళవి దొంగ పాసులని తేల్చాలి కదా,
తేలాలంటే కొందరు మునగాలి కదా.
మా పిల్లకి లెక్కల్లో ముప్పై రెండు.

మూడు మార్కులంటే ఎంతో నాకు తెలీదు.
మూడంగుళాల బ్రష్షు తెలుసు,
ఒక్క ఊపుకి ఎంత మేర కప్పుతుందో తెలుసు.
అవే లెక్కల్ని అలాగే తప్పు చేసిన
మా బావమరిది కొడుకు, ముందేటి వాడు,
పాలిటెక్నిక్‌లో ఉన్నాడు.

టీకొట్టు టీవీలో ఇద్దరూ అరుచుకుంటారు.
నీ బడ్జెట్టులో బడికెంత, నా బడ్జెట్టులో ఎంత,
నీ పాసులు బోగస్సు, నీ గదులు బోగస్సు.
గదులంటే
స్లాబు లేని ఎనిమిది స్తంభాలండి.
ఊచల మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటాయి,
కింద టెన్త్ బి సెక్షను
ఎండ జరిగినకొద్దీ జరుగుతుంది.

ఇప్పుడు మూడో కోటు. మళ్ళీ మొదటివాళ్ళు.
"నూటికి" అని రాసి ఆగమన్నారు.
ఎంతండీ అంటే
ఫలితాలు ఇంకా రాలేదు కదయ్యా, జాగా వదులు,
రెండంకెలకి కాదు, మూడంకెలకి వదులు,
అన్నాడు కాంట్రాక్టరు.

వదిలాను. తెల్లగా, తలుపంత జాగా.

సాయంత్రం కేరేజీ తెచ్చిన ఎస్తేరు
సప్లిమెంటరీ పుస్తకం చంకలో పెట్టుకుని
ఆ జాగా ముందు నిలబడింది.
నాన్నా, నీకెంత రావాలి, అంది.
సుద్దముక్క తీసింది.
పొడవు నూట ఇరవై, ఎత్తు ఆరు,
ఏడొందల ఇరవై అడుగులు.
కాంట్రాక్టరు పుస్తకంలో ఎంతుందో చెప్పు.
నే చూసింది చెప్పాను, పన్నెండొందల అరవై.
కాసేపు గోళ్ళు కొరికింది.
ఆరుతో భాగించింది. రెండొందల పది.
ఒకటినీ రెండునీ అటూ ఇటూ మార్చాడు నాన్నా, అంది,
తప్పు చేసిన పిల్లాడి మీద నవ్వినట్టు నవ్వి.

సైకిలు మీద పోతూ కాశీపతి గారు ఆగారు.
కళ్ళజోడు తుడుచుకుని
పైనుంచి కిందకి చదివారు, రెండుసార్లు.
ఆవిడ చేతిలో సుద్ద అడిగి తీసుకుని
చివర ఒక రైటు కొట్టారు.
మార్కులు వెయ్యలేదు.
చిన్నపిల్లని ఆవిడ అన్నానేవిటో, ఉండండి, ఉండనీండి.

రేపు అంకె చెబుతారట.
సుద్ద మీద ఎమల్షన్ అంటదు,
పెచ్చులూడిపోద్ది.
ముందు తడిగుడ్డ పెట్టి తుడవాలి.
గుడ్డ బకెట్లోనే ఉంది.
చీకటిపడిందండి,
నేనింకా నిచ్చెన మడవలేదు.