అంచు పని

మూడు సోట్ల లెగిసిపోనాది గడ్డి.
నిచ్చెన దగ్గిర జానెడు,
జల్లు కొళాయి కింద మూరెడు,
కుక్క పడుకునే మూల
ఎంతని సెప్పను, పీకి పీకి పీసు సేసీసినాది.

దాసన్నపేట దాటినాక కొత్త లేవుట్లో
తెల్లగోడల ఇల్లు, ఇంటెనకాల ఈతకొలను.
పాప బొటనేలు తగిలి రగతం కారిన సోటు
మేడం గారే వొంగి సూపించినారు.
"అతుకు కనిపించకూడదు, తవిటయ్యా."

తల వూపినాను.
అంచులు నాకు కొత్త కాదు.
జూటుమిల్లులో ఇరవయ్యొక్కేల్లు
సంచి మూతి మడిసి కుట్టినోన్ని.

ముందు పాత జిగురు గీకాల.
ఎండకి మెత్తబడి తాటిబెల్లం పాకంలాగ సాగతాది,
గోటి కింద దూరిందంటే మూడ్రోజులు అన్నంలో అదే వోసన.
సిమెంటు సెమ్మగుంటే కొత్త జిగురు పట్టదు.
బట్టతో వొత్తి వొత్తి, ఎండకి వొగ్గీసి
గోడ నీడని కూకోని సోడంబలి తాగినాము,
నానూ, మా డిల్లేసు గుంటడూ.

"ఇది గడ్డేనేటి మావా, పేస్టిక్కు" అన్నాడు ఆడు.
పేస్టిక్కయితే ఏటిరా.
దీనికీ వాలుంటాది, సేత్తో నిమిరి సూడు.
ఇటు నిమిరితే పిల్లి ఈపు,
అటు నిమిరితే మూడ్రోజుల గెడ్డం.
కొత్త ముక్క వాలు పాత వాలుకి కలవకపోతే
ఎండ పడ్డప్పుడు అదొక్కటే ఏరేగ మెరుస్తాది
పెల్లిలో ఎరువు సొక్కా తొడుక్కున్నోడిలాగ.
కొయ్యడం కూడా ఎనకవైపునించే,
కుట్టు వరసకీ కుట్టు వరసకీ మద్దిని,
పరక తెగకుండా.
ఇన్నాడో నేదో, ఫోను సూసుకుంటన్నాడు.

పన్నెండయ్యీసరికి గడ్డి పెనమైపోనాది.
మోకాల్ల కింద గోని మడత పెట్టుకుని
సుట్టూ పాకినాను, అంగుళం అంగుళం.
నీల్లు పక్కనే ఉన్నాయి, నీలంగా, సల్లగా.
ముంజేతి వరకూ ఓసారి ముంచినాను,
ఎవలూ సూడనేదు.
సూసినా జిగురు కడుక్కుంటన్నాడనుకుంటారు.

బరువుకి ఇంటికాన్నించి పదకొండు సంచులు తెచ్చినాను,
సంపావతి ఇసక నింపి.
గేటుకి తాళం పడ్డ ఏడు
అడిగి తెచ్చుకున్నవే అన్నీ.
నీలం గీత ఎలిసిపోనాది, మూతి కుట్టు ఊడనేదు.
ఆ కుట్టు నాదో, పక్క మిసను సన్నాసమ్మదో.
ఆయమ్మకి ఎడం సేత్తో దారం తెంపే అలవాటు,
కొస కుసింత పొడుగ్గా మిగిలిపోయేది.
నాలుగు సంచుల మీద ఆ కొస ఉన్నాది.
ఆ నాలుగూ పాప ఏలు తగిలిన సోట పెట్టినాను.
ఎందుకో తెల్దు.

కొలను సుట్టూ వరసగా కూకున్నాయి సంచులు,
బకాయి జీతాలకి
మిల్లు గేటు ముందర మేం కూకున్నట్టు.

అప్పుడు లెగిసి, నడుం మీద సెయ్యేసుకుని సెప్పినాను.
"రేపు ఈయేలదాకా
ఎవలూ ఇటు తొక్కకూడదు.
నీల్లలో దిగకూడదు. కుక్కని కట్టీయండి."
ఒకలింట్లో నిలబడి అలాటి మాట
నా నోటంట ఎప్పుడూ రానేదు.
మేడం గారు సరే అన్నారు.
అయ్యగారు తువ్వాలు బుజానేసుకుని వొచ్చి,
సంచుల్ని సూసి, నన్ను సూసి,
ఎనక్కి ఎల్లిపోనారు.

పాప మెట్టు మీద కూకోని
కట్టు కట్టిన ఏలు ఊపుకుంటా లెక్కెట్టినాది.
"పదకొండు! రాత్రంతా ఇక్కడే ఉంటాయా?
వాటికి నిద్ర రాదా?"
"ఆటికి అలవాటేనమ్మా."

డిల్లేసు బండి తీసినాడు.
గేటు కాడ తిరిగి సూస్తే
దీపాలెట్టే ఏలకి కూడా లోపలికెల్లనేదు పాప,
మెట్టు మీదే ఉన్నాది,
పన్నెండోదిలాగ.