గొర్రు కడిగిచ్చినాము

ఈ యేడు కేసీ కాలువకు నీళ్లు రాలేదు.
తూము కాడ తొండ ఎండకు కూచోనుంది.
ఇంక నారెందుకని
జొన్న తీసిన కయ్యలోనే, పొడి దుక్కిలో,
గొర్రుతో వడ్లు ఎదబెట్టినాము.

మొలిచింది. బాగానే మొలిచింది.
నలభై దినాలకు
పదునుండంగనే పైరు మొగం వాడింది.
యూరియా అన్నారు కొందరు. చల్లినాము.
జింకు అన్నారు మైదుకూరు అంగట్లో. కొన్నాము.
మా అత్త పీరమ్మ మాత్రం
ఒక దుబ్బు పెళ్లగించి, మన్ను దులిపి,
వేళ్లను వేళ్లతో ఇడదీసి చూపింది:
"ఇదిగో, మనకంటే ముందు
ఎవురో తింటాండారు."

పైకొచ్చినాక చూస్తే బెత్తెడు మొక్క.
చీమ తలకాయంత తెల్ల పూలు.
దీనికి మల్లె అని పేరు పెట్టినోళ్లు
వాసన చూసి పెట్టిండరు.
ఆకు పచ్చగానే ఉంటుంది,
తన కూడు తానే వండుకునేదాని మాదిరి.
కింద మాత్రం
మన వరి కంచంలో దాని చెయ్యి.

మా చిన్నది మాబున్ని
నాలుగు పూలు జడలో దోపుకొని
గెనెం మీద ఎగురుతాంటే
కొట్టను ఎత్తిన చెయ్యి దించి
జడ ఇప్పి, కొంగు పట్టి, దులిపినాను.
గింజ మొగానికి పూసే పౌడరు కంటే సన్నం.
పదేండ్లయినా మన్నులో పండుకోనుంటుందంట,
పక్కన ఒక వేరు కదిలేదాకా.

పూత రాకముందే పీకాల, అన్నది
రైతు కేంద్రం నుంచి వచ్చిన పిల్ల రేణుక.
ముందే అంటే ఎప్పుడమ్మా,
కనపడేసరికే కడుపు నింపుకోనుంటుంది గదా.
అయినా పీకినాము. ముగ్గురం, పదకొండు దినాలు.
గెనెం మీద పారెయ్యకుండా
గోనెసంచుల్లో కుక్కి తెచ్చి కాల్చినాము.
పొగకు గూడ వాసన లేదు.

ముప్పై మూటలు అనుకున్న కయ్యలో
తొమ్మిది తూగినాయి.
కౌలు ముందు మాట్లాడుకున్నంతే.

యాడి నుంచి వచ్చిందో అని
రాత్రంతా మా ఆయన లెక్కలేసినాడు.
ఎద్దు గిట్టల్లోనా, పెంట దిబ్బలోనా,
అడిగి తెచ్చుకున్న నడిపెన్న గొర్రులోనా.
"అడుగుదామా?"
అడిగి ఏం చేస్తావు,
గెనెం అవతల ఆయన కయ్యలోనూ పూసిందే.
మనది అటు పోయిందో, ఆయనది ఇటు వచ్చిందో
చెప్పేదానికి దానికి నోరుందా.

వచ్చే కారుకు అలసంద ఏస్తాము.
అలసంద వేరు దాన్ని నిద్ర లేపుతుందంట,
అన్నానికి రమ్మంటుందంట,
ఇస్తరాకు ఏసి
మెతుకు వడ్డించదంట.
రేణుక ఇది చెప్పినప్పుడు మా అత్త నవ్వింది.
ఈ యేడంతా ఆమె నవ్వింది
అదొక్కసారే.

మొన్న నడిపెన్న గొర్రు కావాలన్నాడు.
బోరింగు కాడ పండబెట్టి
పాత పండ్ల బ్రష్షుతో
జడ్డిగం చిల్లులు, బొంగుల గొంతులు,
కర్రు సందుల్లో ఎండిన మన్ను
గీకి, కడిగి, ఆరబెట్టి మోసుకుపోయినాము.
"పెండ్లికూతురు మాదిరి సింగారించినారే!" అన్నాడు.
మేమేమీ అనలేదు.

ఆయన కయ్యలో అడుగు పెట్టేముందు
చెంబుతో తెచ్చుకున్న నీళ్లతో
నా కాళ్లు గూడ కడుక్కున్నాను.