కొలత కోసం ఒక మనిషి

గాజుపలక అంచున సిరాతో రాసి ఉంది:
'ష్ఖారా మంచునది. కొలత కోసం ఒక మనిషి.'
పేరు లేదు.

పేరు జమాఖర్చుల పుస్తకంలో దొరికింది,
కంచరగాడిదల బార్లీకి, నాడాలకి నడుమ:
బిమూర్జా, మోతకూలీ, నాలుగు రోజులు.
నిలబడినందుకు వేరే లెక్క లేదు.

మంచు ఎంత పెద్దదో
వియన్నాలో పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళకి తెలియాలి కదా.
అందుకని వెండ్లర్ దొర
డేరా, ఈథర్ సీసాలు, తన మడతకుర్చీ
అతని వీపు నుంచి దింపించి
ఆ రాయి పక్కకి వెళ్ళమని చెయ్యి ఊపాడు.
పన్నెండు లెక్కపెట్టేదాకా కదలొద్దు.

నల్లగుడ్డలో తల దూర్చిన దొరకి
కొండ తలకిందులుగా వేలాడింది,
దాని కొసన గబ్బిలంలా బిమూర్జా.

కుక్క కదిలింది. దాని చోట ఇప్పుడు కాస్త పొగ ఉంది.
ఎంగురి నది విరిగిన పాలలా మిగిలింది.
అతనొక్కడే చెక్కుచెదరలేదు,
గోరంత మనిషి, నిజంగానే గోరంత,
నా చిటికెనవేలి గోటితో కప్పి చూశాను.

భూతద్దం పెడితే తెలిసింది, అతను మనవైపు చూడటం లేదు.
మెడ మంచువైపు తిరిగి ఉంది.
గీయని గడ్డం. ఆ ఊళ్ళో మగవాళ్ళు
ఎవరైనా పోతే గడ్డం గీసుకోరు.
తమ్ముడేమో, అడవిమేకల వెంట వెళ్ళి
ఆ పగుళ్ళలో ఎక్కడో జారిపోయాడేమో.
ఇది నా ఊహ. పలక ఏమీ చెప్పదు.

మొన్న నదుల శాఖవాళ్ళు తిబిలిసీకి వచ్చారు.
మంచు చాలా వెనక్కి పోయిందట, రాయి మాత్రం అక్కడే ఉందట.
ఎంత కరిగిందో లెక్క కట్టాలి,
ఈ మనిషి ఎత్తెంతో చెప్పగలరా, అని అడిగారు.

కొలతకి పెట్టిన మనిషిని
ఎవరూ కొలవలేదు.

ఉష్‌గూలికి ఫోన్ చేశాను.
ఆ ఇంటి రాతిబురుజులో ఇంకా ఉంటున్న ఖ్వారమ్జే ఎత్తింది.
గుమ్మం ఎత్తు కొలిచి చెప్పమ్మా అన్నాను,
దాన్నిబట్టి ఏదో ఒక అంచనాకి రావచ్చని.

ఆవిడ టేపు వెతకడానికి వెళ్ళింది.
ఆవు అరుపు, గిన్నెల చప్పుడు, చాలాసేపు గాలి.
తిరిగొచ్చి అంది:
'గుమ్మం సంగతి వదిలెయ్యి బిడ్డా,
మా వాళ్ళందరూ ఒంగే లోపలికొచ్చేవారు.'