రేవు కూలి

తణుకు నించి వచ్చిన కుర్రాడు
రంగుల కాగితాలు బల్లమీద పరిచాడు.
మా ఆయన వేలు తిన్నగా పెద్దదాని మీదికే పోయింది:
ఇరవై నాలుగు కిలోవాట్లు,
పెళ్ళివారి జనరేటరంత ఒడ్డూ పొడుగూ.

చెరువుగట్టు మీద జారి మోకాలు విరగ్గొట్టుకున్నది నేను.
నీళ్ళలో నడవమంది ఫిజియో అమ్మాయి,
ముప్పై డిగ్రీలకి తగ్గకూడదంది.
రొయ్యలు కలిసొచ్చిన ఏడు సరదాకి కట్టించిన ఈతకొలను
మార్గశిరంలో ఇరవై రెండు.
థర్మామీటరు కంటే ముందు నా మణికట్టు చెప్పింది.
రొయ్య మేత మానేసే చలి నాకు తెలీదా?

"ఇదేం వేడి పుట్టించదండమ్మగారూ" అన్నాడు మావుళ్ళు,
మా ఏరియేటర్లకి పాతికేళ్ళుగా వైద్యుడు.
"గాల్లో ఉన్నదాన్నే నీళ్ళలోకి దాటిస్తుంది,
సఖినేటిపల్లి రేవులో పంటు లాగ.
కరెంటు రేవు కూలి మాత్రమే.
ఒక బస్తా కూలిచ్చి అయిదు బస్తాలు దాటించుకోడం."

చలిగాల్లో ఏముంటుందయ్యా దాటించడానికి?
"మన గాలికి చలెక్కడిదండీ,
ధనుర్మాసంలోనూ ఉక్క దాచుకునే ఉంటుంది."

కాగితం వెనక ఇద్దరం లెక్క రాశాం.
ఎనిమిది మీటర్లు, నాలుగు, లోతు నా రొమ్ము దాకా;
ముప్పై ఎనిమిది వేల లీటర్లు.
పన్నెండు కిలోవాట్లది చాలు.
మొదటిసారి కాగడానికి ఓ పగలూ ఓ రాత్రీ, ఆపైన ఇంకో పూట.
పట్టనీ. మోకాలికి ఆర్నెల్లు పట్టలేదూ.
మిగిలిన డబ్బుతో కొలను మీద కప్పే దుప్పటి.
మూత పెట్టని అన్నంగిన్నె
పొద్దుటికి ఎలా ఉంటుందో మగవాళ్ళకి చెప్పాలి మరి.

ఉప్పుటేటి గాలి కిటికీ మేకుల్ని తినేసింది,
గేటు గొళ్ళేన్ని తింటోంది.
లోపలి గొట్టం టైటానియమేనా, రెక్కలకి పూత ఉందా అని
రెండుసార్లడిగాను.
రెండోసారి కుర్రాడు మేనేజరుకి ఫోన్ చేశాడు.

ఆఖర్న చప్పుడు సంగతి అడిగాను.
"నిద్ర చెడుతుందనా అమ్మా?"
కాదు బాబూ.
ఏరియేటర్ల హోరులోనే నాకు నిద్ర.
అది ఆగిన రాత్రి
తెల్లారేసరికి పంటంతా పైకి తేలిపోతుంది.
ఆ ఆగడం నాకు వినబడాలి.
నీ మెషీను దాన్ని కప్పెయ్యకూడదు.

మా ఆయన వేలు, ఏమీ అనకుండా,
చిన్నదాని మీదికి జరిగింది.

బిగించిన మర్నాడు మెషీను కింద నీళ్ళు.
కారిపోతోందని ఒకటే గోల.
మావుళ్ళు వంగి, వేలు ముంచి, నాలిక్కి రాసుకున్నాడు.
క్లోరిన్ లేదు, ఉప్పు లేదు.
"గాలికి పట్టిన చెమటండీ."

బకెట్టు పెట్టాను. సాయంత్రానికి సగం నిండింది.
కనకాంబరాలకి పోస్తూ చెయ్యి పెట్టి చూశాను.
మంచు నీళ్ళు.