పదకొండో పేజీ

రెండు వారాలకోసారి, గురువారం,
పీటర్‌హెడ్ రేవు పక్కన ఆగుతుంది లైబ్రరీ వ్యాను.
నా షిఫ్టు అప్పుడే అయిపోతుంది.
హాడక్ చేప పొలుసు ఇంకా మణికట్టు మీద మెరుస్తుండగానే
మెట్లెక్కి అడుగుతాను:
"ఈసారి పిశాచాలేమైనా వచ్చాయా, గ్రెగర్?"

వచ్చే నవంబరుకి నాకు అరవై ఒకటి.
పదిహేనేళ్ళ పిల్లల అర ముందు నిలబడటానికి
మొదట్లో సిగ్గేసేది.
మనవరాలికని అబద్ధం చెప్పేదాన్ని.
నాకు మనవరాలు లేదు. గ్రెగర్‌కి తెలుసు.
అయినా "పాపకి నచ్చిందా?" అని అడిగేవాడు, మంచివాడు.

ఇప్పటికి నూట నలభై దాకా చదివి ఉంటాను.
కాబట్టి నా మాటకీ కాస్త విలువుంది, వినండి.

మూడు వందల ఏళ్ళు బతికిన రక్తపిశాచి
మళ్ళీ వచ్చి టెన్త్ లెక్కల క్లాసులో ఎందుకు కూర్చుంటాడు?
ఒక్కసారి ఫెయిలైనందుకే నేను ఆ గడప మళ్ళీ తొక్కలేదు.
అన్నేళ్ళలో ఒక్క చేతిపనైనా నేర్చుకోలేదా మహానుభావుడు?
వల అల్లడం? పోనీ, టీ పెట్టడం?

తోడేళ్ళుగా మారే కుర్రాళ్ళు కొంత నయం.
వాళ్ళకి ఆకలేస్తుంది, చొక్కాలు చిరుగుతాయి.
కానీ వానకి తడిసిన కుక్క ఎలా కంపు కొడుతుందో
ఎవరూ రాయరు.
మా ఇంట్లో ఒకటుంది. నేను రాయగలను.

ఇద్దరబ్బాయిల మధ్య గోడ మీద పిల్లిలా ఆ అమ్మాయి,
నాలుగు వందల పేజీలు.
దూకవే తల్లీ, ఏదో ఒక పక్కకి!
లేదా ఆ గోడ మీదే ఇల్లు కట్టుకో, నాకేం అభ్యంతరం లేదు.

మూడు భాగాల కథలో రెండో భాగం
పొగమంచులో పడవ లాంటిది:
హారను మోగుతూనే ఉంటుంది, ఎక్కడికీ కదలదు.

మొదటి పేజీలో మ్యాపు ఉంటే మాత్రం ప్రాణం లేచొస్తుంది.
ముందుగా రేవులెక్కడున్నాయో చూస్తాను.
అంత రాజ్యానికీ ఒక్క రేవే అయితే
చేపలెవరు తెస్తారు, ఎవరు కోస్తారు?
అక్కడే నాకు ఆ రాజు మీద నమ్మకం పోతుంది.

ఇవన్నీ పేజీ అంచుల్లో పెన్సిలుతో రాసేదాన్ని.
తప్పే. గ్రెగర్ చూడనట్టు ఊరుకున్నాడు.
కిందటి చలికాలం, రెండోసారి తెచ్చుకున్న పుస్తకంలో
నా రాత కింద ఇంకో రాత:
"ఈ పుస్తకం చేపల కంపు. కానీ మీరన్నది నిజం."
గుండ్రటి అక్షరాలు. ఎంత నొక్కి రాసిందంటే
కాగితం వెనక తడిమితే వేలికి తగులుతాయి.

అప్పట్నించీ చదివినవే మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంటున్నాను.
"రెక్కలున్నవాడు వెల్లకిలా ఎలా పడుకుంటాడు?" అని నేను.
"పక్కకి తిరిగి. దిండ్లు కట్టుకుని చూశాను," అని తను.

ఈ కథల్లో తల్లులు ఎక్కువసేపు బతకరు.
తల్లి ఉంటే పిల్లని అర్ధరాత్రి అడవిలోకి పోనిస్తుందా?
అందుకని వాకిట్లో చెప్పులు విడిచినంత తేలిగ్గా
మొదట్లోనే చంపేస్తారు.
ఆ మంచుకోట నవల పదకొండో పేజీ పక్కన
"మళ్ళీనా!" అని రాశాను, కింద రెండు గీతలు కొట్టి.

మార్చిలో తెరిస్తే, ఆ గీతల కింద:
"లేదు. ఇది సరిగ్గానే రాశారు.
ఆమె కోటు తలుపు వెనకే ఉంటుంది.
జేబులో బస్సు టికెట్టు ఉంటుంది.
ఎవరూ తియ్యరు."

పుస్తకంలో కోటు లేదు. బస్సు టికెట్టూ లేదు.
వెనక్కి తిప్పి రెండుసార్లు వెతికాను.

రబ్బరు పెట్టి నా మాట చెరిపేశాను.
అక్కడ కాగితం కొంచెం పీచు లేచింది.
ఏదైనా రాద్దామని పెన్సిలు చెక్కాను,
మళ్ళీ చెక్కాను, సగానికి వచ్చింది.
చివరికి ఇంతే: "ఈ పేజీ విషయంలో నువ్వు చెప్పిందే ఒప్పు."

గురువారం రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్ళాను.
పుస్తకం తీసుకుంటూ గ్రెగర్ అలవాటుగా అడిగాడు,
"పాపకి నచ్చిందా?"

"నచ్చిందట," అన్నాను.