రెండు లీటర్ల బాకీ

ఎక్కడో రెండు ఎడారుల నడుమ
సన్నటి నీటిసందు ఒకటి మూసుకుందట.
టీవీలో దాని పటం చూపించారు,
మా దర్భరేవు పంటకాలువ కన్నా సన్నగా ఉంది.

ఇరవయ్యో రోజుకు మా బంకులో
మనుషులకు బదులు క్యాన్లు వరసలో నిలబడ్డాయి.
నీలివి, పచ్చవి, మూత పోయి గుడ్డ కుక్కినవి,
మెడకు తాడు, తాడుకు అట్టముక్క, అట్ట మీద ఇంటిపేరు.
ఓలేటి. బళ్ళ. కొల్లాటి. తిరుమాని.
నా క్యాను నలభై మూడోది.
బంకు కుర్రాడు జాన్‌బాబు
"బండికైతే పోస్తానండి, క్యాన్లకు పొయ్యొద్దన్నారు" అని
నేలకేసి చెప్పాడు.
"చెరువుని బండెక్కించి తీసుకురానా?" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

మూడెకరాల కౌలు చెరువు.
మేత బాకీ, పిల్ల బాకీ, చక్రాల బాకీ,
ఆ నీళ్ళ మీద నా సొంతం నా నీడొక్కటే.
చక్రాలు తిరిగితే రొయ్యకు ఊపిరి,
కరెంటు పోతే జనరేటరు,
జనరేటరుకు డీజిలు, డీజిలుకి ఆ సందు.
సందు పేరు రొయ్యకు తెలీదు.
తెల్లారుజామున మూడింటికి
మీసాలు పైకెత్తి గట్టు వారకు వచ్చేసింది.

కొబ్బరితోట వెనక
గ్యాసు బావి మంట రోజూలాగే మండుతోంది.
దాని వెలుగులోనే చూశాను, రొయ్య తేలడం.
మా కాళ్ళ కింద తోడింది
గొట్టంలో పడి ఎటో పోతుంది,
మిగిలింది ఆకాశానికి.
ఒక్క దోసెడు ఇటు ఒంపితే అనుకున్నాను.
వెర్రి ఆలోచన. మంటని చెరువేం చేసుకుంటుంది.

కేకేశాను.
ముందు నా భార్య వీరవేణి, తర్వాత పక్క చెరువు కాపలా ముసలాయన,
ఆ తర్వాత రొయ్యల షెడ్డు ఆడవాళ్ళు పదకొండు మంది.
కంటైనర్లు రేవులో ఆగిపోయాక
వాళ్ళకి తలలు తుంచే పని లేదు, పన్నెండు రోజులుగా.
నిద్ర కూడా పల్చబడిందేమో, ఒక్క కేకకే లేచొచ్చారు.

నడుం లోతు నీళ్ళు.
పళ్ళేలతో, చేటలతో, విరిగిన తెడ్డుతో,
ఉత్త అరచేతులతో
కొట్టాం.
ఎత్తి పోశాం, చిలికాం, తిట్టాం,
గాలిని పట్టుకుని నీళ్ళలోకి తొక్కాం.
మధ్యలో గంగాభవాని ఆగి, ఆయాసపడుతూ,
"మనందరం కలిపి ఎన్ని హెచ్‌పీ అంటారండీ?" అంది.
లెక్కపెట్టలేదు. చేతులు ఖాళీ లేవు.

తెల్లారింది. సగం బతికింది.
సగమంటే సగం కాదు, కొంచెం తక్కువ.

ఏడింటికి కొనుగోలు మనిషి బైకు తోసుకుంటూ వచ్చాడు.
రేటు చెప్పేముందు కళ్ళజోడు తుడుచుకున్నాడు.
"ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగెళ్తున్నాయండి,
కిరాయి మూడింతలు, ఇన్సూరెన్సు వేరే,
ఐసు ఫ్యాక్టరీ ఒక్క పూటే.
అక్కడి హోటళ్ళవాళ్ళు రొయ్య మానేసి కోడి అంటున్నారంట."
సముద్రాలన్నీ తిరిగొచ్చిన నష్టానికి
ఆఖరి స్టాపు నా చెరువుగట్టే అయినట్టు
ఒక్క ఊపిరిలో అన్నీ దించేసి
మంచినీళ్ళడిగి తాగాడు.
అతన్నేమనను. ట్యాంకులో చుక్క లేక
మూడు మైళ్ళు తోసుకొచ్చిన మనిషి.

ఆడవాళ్ళకి కూలి కట్టాను.
అందరూ తీసుకున్నారు, గంగాభవాని తీసుకోలేదు.
అరచేతులు తెల్లగా నాని, అంచుల్లో చిట్లి ఉన్నాయి.
"డబ్బులొద్దండి. రెండు లీటర్లు డీజిలిప్పించండి.
మా ఆయన పడవ ఇసకలో కూర్చుని పద్దెనిమిది రోజులు.
దాని నీడన కుక్క పిల్లల్ని కూడా పెట్టేసింది."

క్యాను తలకిందులు చేసి చూపించాను.
ఒక్క చుక్క మూతి అంచున వేలాడి
ఎండలో రంగులు మార్చింది,
పడలేదు.

మేత పద్దుల పుస్తకం వెనక పేజీ తీసి
తడి వేళ్ళతో రాశాను:
ఓలేటి గంగాభవానికి ఇవ్వాల్సింది,
రెండు లీటర్లు.
రూపాయల గడి ఖాళీగా వదిలేశాను.