వెయిటింగ్ ఛార్జీ

నిన్న రాత్రి పదకొండింటికి ఫోను.
నాగపూర్ నుంచట. పేరు చెప్పలేదు.
"రేపు పొద్దున ఏడుంబావుకి దిగుతుంది. తెల్ల కారు కావాలి.
సెంటు కొట్టొద్దు. డ్రైవరు నోరు విప్పొద్దు."
డ్రైవర్నీ నేనే, ఓనర్నీ నేనే.
ఇద్దరి తరఫునా సరే సార్ అన్నాను.

కేసరపల్లి దగ్గర మా షెడ్డు,
రేకు మీద నీలిరంగులో మీరా ట్రావెల్స్.
నాలుగున్నరకే లేచి బండి కడిగాను.
మొన్నటి పెళ్లివాళ్ల తలంబ్రాలు
సీటు సందుల్లోంచి ఇంకా రాలుతూనే ఉన్నాయి.
ఒక్కో గింజా గోటితో తీశాను
కోట్లున్నవాళ్ల కోట్లకి అంటుకుంటాయని.

పెద్ద విమానానికైతే మనిషి పేరు రాసి పట్టుకుంటాం.
చిన్న విమానంలో వచ్చే మనిషికి పేరుండదు.
తోక మీది అక్షరాలు రాసుకోవాలి,
అట్ట మీద, స్కెచ్ పెన్నుతో, మూడంటే మూడు.
ఏ ఊరు, ఎవరి తాలూకా,
అడక్కూడదు.

ఏడుంబావు. మంచు.
గన్నవరంలో పుష్యమాసం సంగతి తెలుసుగా,
పాలబూత్ అవతల ఎవరు దగ్గుతున్నారో కనపడదు.
పైన చప్పుడొచ్చింది. పోయింది.
మళ్లీ వచ్చింది,
కిటికీ ఎటుందో తెలీని ఈగ
గదంతా తిరిగినట్టు.
కింద మేం ముగ్గురం
నేను, టీ కోటమ్మ, గేటు దగ్గర ఏసురత్నం
మెడలెత్తి, ఏమీ లేని చోటుకేసి చూస్తున్నాం.
"నూనె సరిపడా ఉండుంటుందంటావా?" అంది కోటమ్మ
తన స్టవ్ ఓసారి కదిపి చూసుకుంటూ.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా దిగింది.
నలుగురు పెద్దమనుషులు నడిచొచ్చి
నా అట్ట దగ్గర ఒక్క క్షణం ఆగారు.
వాళ్లకోసం ఇంకెవరో పంపిన నల్లబళ్లు
అప్పటికే ఇంజను ఆపకుండా నిలబడున్నాయి.
తలుపులన్నీ ఒకటే చప్పుడుతో పడ్డాయి.
మిగిలింది నా తెల్లకారు,
సెంటు లేకుండా, నోరు లేకుండా.

చాలాసేపటికి వచ్చింది ఆ అమ్మాయి.
తెల్ల చొక్కా, భుజాల మీద మూడేసి చారలు,
ఒక బూటు లేసు ఊడిపోయి.
చొక్కా మీద పేరు: జె. సువార్త.
హిందీలో ఏదో అడగబోయి
పక్కకొచ్చి నా అట్ట వెనకవైపు చదివింది.
బట్టలకొట్టు పెట్టె చింపిన అట్ట అది,
చిలకలూరిపేట అడ్రసుంది.
"మాదీ పేటే" అంది.
"కెప్టెన్ గారు విమానంలోనే పడుకుంటారు.
వాళ్లు నాలుగింటికిగానీ రారు.
ముందు ఇడ్లీ. తర్వాత బ్యారేజీ."

"బ్యారేజీ ఎందుకమ్మా?"
"పైనుంచి దువ్వెనలా కనపడుద్ది.
ఒక్క పన్నూ విరగలేదు.
ఒకపక్క తడి జుట్టు, ఇంకోపక్క ఇసక.
కింద నుంచి చూసి పదేళ్లయింది."

రామవరప్పాడు రింగు దగ్గర
ఇసకలారీ ఒకటి అడ్డంగా కోసేసరికి
కిటికీ పైన పిడి రెండు చేతుల్తో పట్టుకుంది.
"అన్నా, అరవై దాటొద్దు."
"తమరు ఎంతలో వచ్చారమ్మా?"
"ఆరొందల్లో. అక్కడ లారీలుండవుగా."
నవ్వలేదు నేను, ఆర్డరు గుర్తుంది.
బెంజి సర్కిల్ సిగ్నల్లో మాత్రం
ఆపుకోలేక ఇద్దరం నవ్వాం,
పక్క ఆటో అతను మా ఏసీ వంక చూశాడు.

ఏవో రెండు గేట్లు జానెడెత్తి వదిలారు.
రెయిలింగ్ పట్టుకుని నడుస్తూ
ఒక్కో పన్నూ లెక్కపెట్టింది,
సగంలో లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చింది.
నీళ్లు పడే చోట ఆగిపోయింది.
"దీనికి ఇంత చప్పుడుందా" అంది,
నాతో కాదు.

సాయంత్రం మంచు లేదు. విమానం తిన్నగా పోయింది.
రెక్క ఊపుతుందేమోనని చూశాను,
అది సినిమాల్లోనేమో.

నాగపూర్ మళ్లీ ఫోను చేసింది.
"మావాళ్లు నీ కారెక్కలేదుగా, సగమే ఇస్తాం."
వెయిటింగ్ ఛార్జీ రాశాను.
ఎక్కినవారు అన్న గడిలో
పెన్ను కాసేపు ఆగింది.
నోరు విప్పలేదు సార్, అనికూడా అనలేదు.

రేపు రాయపూర్ నుంచి ఇంకోటి. వేరే మూడక్షరాలు.
అట్ట తిప్పితే పేట అడ్రసు.
దాని మీద రాయబుద్ధి కాక
బిస్కెట్ల డబ్బా ఖాళీదుందా అని
కోటమ్మని అడిగాను.